గుండెకు త్రవ్విన క్రొత్త కాలువ

(శతవార్షికోత్సవ సందర్భమున, స్వస్థత పరిచర్య ఆదివారము సాయంకాల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు మన సంఘములలో బైపాసు ఆపరేషను అనే మాట ఎరుగనివారు లేరు. ఒకప్పుడు మద్రాసుకో వేలూరుకో పోయి, పొలము అమ్మి చేయించుకొనవలసిన ఆపరేషను ఇది. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన తరువాత కూలి చేసుకొనే కుటుంబములకు కూడ అందుబాటులోనికి వచ్చినది. ఆదివారము ఆరాధనలో సాక్ష్యము చెప్పుటకు లేచేవారిలో రొమ్ము మధ్య గాటు ఉన్నవారు తరచుగా కనబడుచున్నారు. ఇది సంతోషించవలసిన సంగతి. అయితే ఆ సాక్ష్యములలో వినబడే ఒక మాట వైద్యవృత్తిలో ఉన్న నాకు కొంచెము భయము కలిగిస్తుంది. "ఆపరేషను అయిపోయినది, ఇక నాకు భయము లేదు" అనేది ఆ మాట. ఆపరేషను అయిపోవుట ఒక సంగతి. వేసిన గ్రాఫ్టులో రక్తము పారుచునే యుండుట మరియొక సంగతి. ఆ రెండవ దానిని గురించి ఈ సాయంకాలము మీతో మాట్లాడదలచినాను.

ముందుగా గుండె తన ఆహారమును ఎలా పొందుతుందో చూద్దాము. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. నిమిషమునకు దాదాపు 5 లీటర్ల రక్తమును శరీరమంతటికీ పంపుతుంది. ఇంత రక్తము తన గదులలో నుండి పోవుచున్నా, గుండె కండరము దానిని నేరుగా త్రాగలేదు. గోదావరి నిండుగా పారినంత మాత్రమున పొలము పండదు. ధవళేశ్వరము దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించి, కాలువలు త్రవ్వించి, బోదెల ద్వారా నీరు మళ్ళించవలసి వచ్చినది గదా. గుండె విషయములో ఆ బోదెలే కరోనరీ ధమనులు. బృహద్ధమని మొదట్లోనే ఇవి రెండుగా పుట్టి, కొమ్మలై గుండె మీద అల్లుకొంటాయి. మనము ఊరకే కూర్చున్నప్పుడు వీటిలో నిమిషమునకు సుమారు 250 మిల్లీలీటర్ల రక్తము పారుతుంది. గుండె పంపే మొత్తములో ఇది ఇరవైయవ వంతు. ఈ కొమ్మలలో గుండె ముందు భాగమున దిగే ఎడమ కొమ్మ అన్నిటికంటె ముఖ్యమైనది. దానిని ఇప్పటికి "ముందు కొమ్మ" అని పిలుచుకొందాము.

ఈ బోదెలలో కొవ్వు పేరుకొనుటయే మనము చెప్పుకొనే బ్లాకు. 1840 ప్రాంతమున ప్వాజేయ్ అనే ఫ్రెంచి వైద్యుడు సన్నని గొట్టములలో ద్రవము ఎంత పారుతుందో ఓపికగా కొలిచి చూచినాడు. గొట్టము వ్యాసార్ధము సగమైతే ప్రవాహము సగము కాదు, పదహారవ వంతు అవుతుందని తేల్చినాడు. అయితే దేవుడు గుండెకు ఒక సదుపాయము చేసియుంచినాడు. పైన ఇరుకైనప్పుడు క్రింద ఉన్న చిన్న నాళములు వెడల్పై, వచ్చే కొద్ది రక్తమును సులభముగా లోపలికి లాగుకొంటాయి. అందుచేత చాలకాలము రోగికి ఏమియు తెలియదు. కూర్చుంటే బాగుండును, గుడి మెట్లెక్కితే రొమ్ము బిగపట్టును. అప్పటికే ధమని చాలవరకు పూడిపోయి యుంటుంది.

పూడిన చోటును వదిలిపెట్టి, దాని దిగువకు మరియొక మార్గమున రక్తము తెచ్చుటయే బైపాసు. ఇది ఒక్కరి తలంపు కాదు. కెనడాలోని మాంట్రియల్ నగరమున ఆర్థర్ వైన్‌బర్గ్ 1950లో ఛాతీ ఎముక వెనుక దిగే ధమనిని తీసి గుండె కండరములో సొరంగము చేసి దూర్చినాడు. లెనిన్‌గ్రాడులో వసీలీ కొలెసోవ్ 1964లో అదే ధమనిని కరోనరీ ధమనికే నేరుగా కుట్టినాడు. రెనె ఫవలోరో అనే ఆర్జెంటీనా దేశస్థుడు తన దేశములో ఒక పల్లెటూరి వైద్యుడుగా పన్నెండు సంవత్సరములు పనిచేసి, తరువాత అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్ చేరి, 1967లో కాలి సిరతో బైపాసు చేసి ఆ పద్ధతిని లోకమంతటికీ నేర్పినాడు. (పల్లెటూరి వైద్యమును చిన్నచూపు చూచే మన యువ డాక్టర్లు ఈ సంగతి గమనింతురు గాక.) మన దేశములో 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎమ్. చెరియన్ గారు మొదటి బైపాసు చేసినారు.

ఇక అసలు విషయము. క్రొత్త కాలువకు గొట్టము ఎక్కడినుండి తేవలెను? కాలిలో చర్మము క్రింద మడమ నుండి గజ్జ వరకు పోయే పొడవాటి సిర ఒకటి. ఇంతకుముందు చెప్పిన ఛాతీ లోపలి ధమని రెండవది. దీనినే డాక్టర్లు మామ్మరీ అంటారు. మూడవది, నాడి చూచే మణికట్టు ధమని. కాలి సిర వెడల్పైనది, తీయుట సులువు, కావలసినంత పొడవు దొరుకుతుంది. ఆపరేషను బల్లమీద కొలిచి చూస్తే అందులో రక్తము మామ్మరీలో పారేదానికంటె తరచు ఎక్కువగానే ఉంటుంది. ఆ కొలతను మాత్రమే చూచిన యెడల ఎవరైనను సిరనే కోరుకొందురు.

కాని పది సంవత్సరముల తరువాత సంగతి తారుమారగును. సిర అనేది తక్కువ ఒత్తిడిలో, నెమ్మదిగా వెనుకకు పోయే రక్తమునకు చేయబడిన గొట్టము. దానిని తెచ్చి ధమని పీడనమునకు అప్పగిస్తున్నాము. మొదటి నెలలో కొన్ని సిరలలో రక్తము గడ్డకట్టును. తరువాత సంవత్సరము లోపల దాని గోడ లోపలి పొర దళసరియగును. ఆ పిమ్మట ఏ కొవ్వు వలన ఆపరేషను చేయవలసి వచ్చినదో ఆ కొవ్వే ఇక్కడికి కూడ వచ్చి చేరును. పది సంవత్సరములకు కాలి సిరలలో దాదాపు సగము మూసుకొనుటయో, బాగుగా ఇరుకగుటయో జరుగుతుంది. ముందు కొమ్మకు కుట్టిన మామ్మరీ అయితే నూటికి తొంభై వరకు తెరచియే యుంటుంది. దాని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడు అనే వాయువును ధారాళముగా పుట్టిస్తుంది. అది నాళమును సడలించి, గడ్డలు అంటుకొనకుండ కాపాడుతుంది. ఈ వాయువు చేసే పనిని కనుగొన్నందుకే 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెలు బహుమతి వచ్చినది. ఇంకొక వింత ఏమనగా, గుండెకు ఎక్కువ రక్తము కావలసివచ్చినప్పుడు మామ్మరీ తానే కొంత వెడల్పగును, అవసరము తగ్గితే సన్నబడును. సిరకు ఈ తెలివి లేదు.

ఇది రోగి ఆయుష్షులో కనబడుతుందా? 1986లో క్లీవ్‌లండ్ వారు ప్రచురించిన లెక్కలు ఈ ప్రశ్నకు జవాబిచ్చినవి. ముందు కొమ్మకు మామ్మరీ వేసిన 2306 మందిని, సిరలు మాత్రమే వేసిన 3625 మందిని పది సంవత్సరముల వరకు గమనించినారు. మూడు ధమనులలోను జబ్బు ఉన్నవారిలో మామ్మరీ వేసినవారు నూటికి 82.6 మంది బ్రతికియున్నారు. సిరలు మాత్రమే వేసినవారిలో 71 మంది. నూరుగురిలో పదకొండు మందికి పైగా తేడా! ఒక్క చిన్న ధమని, అదియు చేతి చిటికెన వ్రేలి కంటె చాల సన్ననిది. అప్పటినుండి ముందు కొమ్మకు మామ్మరీయే వేయుట లోకమంతట నియమమైనది.

అయితే ఒకటి మంచిదైనప్పుడు రెండు ఇంకను మంచివి గదా అని మనకు తోచును. శస్త్రవైద్యులకును అలాగే తోచినది. ఏడు దేశములలో 3102 మందిని చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించి, ఒకరికి ఒక మామ్మరీ, మరియొకరికి రెండు మామ్మరీలు వేయదలచి, పది సంవత్సరములు చూచినారు. 2019లో ఫలితము వచ్చినది. మరణములు రెండు గుంపులలోను ఇంచుమించు సమానమే. ఒక గుంపులో 20.3 శాతము, ఒక గుంపులో 21.2 శాతము. ఊహకు, కొలతకు ఉన్న దూరము ఇలాంటిది. మణికట్టు ధమని విషయము కొంత ఆశాజనకముగానే ఉన్నది. ఆరు పరిశోధనలను కలిపి 1036 మంది సంగతి 2018లో ప్రచురించినారు. సిరకు బదులు ఆ ధమని వేసినవారిలో ఐదేళ్ళకు గ్రాఫ్టులు మూసుకొనుటయు, గుండెపోటు వంటి చిక్కులును తక్కువ.

స్టెంటు చాలదా అని చాలమంది అడుగుతారు. కొందరికి చాలును. కాని స్టెంటు ఒక్క చోటును మాత్రమే తెరచును. గ్రాఫ్టు దిగువన కలియును గనుక, దానికి ఎగువన రేపు పుట్టబోయే బ్లాకునకు కూడ అది ముందుగానే జవాబు చెప్పియున్నది. మన ప్రాంతమున షుగరు జబ్బు ఎక్కువ గనుక ఈ లెక్క వినండి. పెక్కు ధమనులలో జబ్బు ఉన్న 1900 మంది షుగరు రోగులతో జరిగిన పరిశోధన 2012లో వెలువడినది. ఐదేళ్ళలో స్టెంటు వారిలో 16.3 శాతము, బైపాసు వారిలో 10.9 శాతము మరణించినారు. అయితే పక్షవాతము బైపాసు వారిలోనే ఎక్కువ. 2.4కు బదులు 5.2 శాతము. ఈ రెండవ అంకెను కూడ మీకు చెప్పకపోతే న్యాయము కాదు.

ఆపరేషను గదిలో రక్తము పారుచున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? కుట్టవలసిన కరోనరీ ధమని లోపలి వెడల్పు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. దారము వెంట్రుక వంటిది. పూర్వము కుట్టిన తరువాత గ్రాఫ్టును వ్రేలితో తాకి, నాడి కొట్టుచున్నదని తృప్తిపడేవారు. ఇది నమ్మదగిన పరీక్ష కాదు. కొస పూర్తిగా మూసుకొనిన గొట్టములో కూడ నాడి కొట్టును! ఇప్పుడు గ్రాఫ్టు చుట్టు చిన్న కొక్కెము వంటి సాధనమును తగిలించి అల్ట్రాసౌండుతో కొలుస్తారు. దాని కిటుకు పడవవారికి బాగా తెలిసినదే. ఏటి వాలున పోయే పడవకు తక్కువ సమయము, ఎదురు పోయే పడవకు ఎక్కువ సమయము పట్టును. ఆ రెంటి తేడాను బట్టి ఏటి వేగము చెప్పవచ్చును. ఇక్కడ పడవలకు బదులు శబ్ద తరంగములు. తెరమీద నిమిషమునకు ఇన్ని మిల్లీలీటర్లు అని అంకె పడుతుంది.

ఆ అంకె ఒక్కటే చాలదు. దాని ప్రక్కన పల్సటిలిటీ ఇండెక్సు అని మరియొక అంకె ఉంటుంది. గుండె ఒకసారి కొట్టుకొనే లోపల అత్యధిక ప్రవాహమునకు, అత్యల్ప ప్రవాహమునకు ఉన్న తేడాను సగటు ప్రవాహముతో భాగించగా వచ్చేది అది. దారి సాఫీగా ఉంటే ఈ అంకె చిన్నది. ఎదుట గోడ ఉన్నట్లు రక్తము ముందుకు వెనుకకు ఊగుచుంటే పెద్దది. ప్రవాహము 20 మిల్లీలీటర్ల కంటె తక్కువ, ఇండెక్సు 5 కంటె ఎక్కువ ఉన్నయెడల ఆ కుట్టును అనుమానించవలెనని ఐరోపా వైద్యుల మార్గదర్శక సూత్రములలో 2010లో వ్రాసినారు. ఇప్పుడు చాలమంది 3 దాటితేనే జాగ్రత్తపడుచున్నారు. ఇంకొకటి కూడ చూస్తారు. ఎడమ గుండె బిగుసుకొన్నప్పుడు తన ధమనులను తానే నొక్కుకొంటుంది. కాబట్టి రక్తము ఎక్కువగా గుండె సడలిన క్షణములోనే లోపలికి పోవలెను. తెరమీది గీత అలా లేకపోతే ఏదో తేడా ఉన్నదన్నమాట. ఈ కొలతతోబాటు అల్ట్రాసౌండు చిత్రమును కూడ వాడి 1016 మంది రోగులను చూచిన ఒక పరిశోధనలో, సుమారు నలుగురిలో ఒకరి విషయమున శస్త్రవైద్యుడు తాను అనుకొన్న పద్ధతిని ఏదో ఒక చోట మార్చుకొన్నాడు. ఛాతీ మూయకముందే తప్పు దొరికితే, కుట్టు విప్పి మరల కుట్టుటకు పది పదిహేను నిమిషములు పట్టవచ్చును. ఛాతీ మూసిన తరువాత దొరికితే ఏమగునో నేను చెప్పనక్కరలేదు.

కాని అంకె తక్కువైనంత మాత్రమున కుట్టు చెడ్డదని కాదు. ఆ సమయములో బి.పి. తక్కువగా ఉండవచ్చును. దిగువ ధమని మరీ చిన్నది కావచ్చును. లేదా పాత దారిలోనే ఇంకను బాగుగా రక్తము వచ్చుచుండవచ్చును. ఈ చివరిది ముఖ్యము. బ్లాకు కొద్దిగానే ఉన్న ధమనికి గ్రాఫ్టు వేస్తే, పాత కాలువ నీరు క్రొత్త కాలువ నీటికి ఎదురు నిలుచును. పని లేని మామ్మరీ క్రమముగా సన్నబడి దారము వలె అయిపోవును. "ఎటూ ఛాతీ తెరిచారు గదా, ఆ చిన్న బ్లాకుకు కూడ ఒకటి వేసేయండి" అని బంధువులు అడుగుట కద్దు. ఎన్ని గ్రాఫ్టులు వేస్తే అంత మేలు అనుకొనుట, "మా నాన్నగారికి నాలుగు వేశారు, మీకు రెండేనా" అని పోల్చుకొనుట, రెండును అర్థము లేనివి.

హిజ్కియా రాజు సంగతి మీకు తెలియును. మరణకరమైన రోగము వచ్చినప్పుడు అతడు గోడ తట్టు తిరిగి ప్రార్థించగా దేవుడు పదునైదు సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెను. రాజుల రెండవ గ్రంథము 20వ అధ్యాయములో ఉన్నది. అదే అధ్యాయములో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించిన సంగతి కూడ ఉన్నది. వాగ్దానము వచ్చినది గదా, ముద్ద ఎందుకని హిజ్కియా అనలేదు. అధ్యాయము చివరను ఈ రాజే కొలనును, కాలువను చేయించి పట్టణములోనికి నీళ్ళు రప్పించెనని ఉన్నది. అది ఇదేనని చెప్పే సొరంగము యెరూషలేములో గీహోను ఊట నుండి సిలోయము కోనేటి వరకు 533 మీటర్లు నేటికిని ఉన్నది. 1880లో అందులో ఒక శాసనము బయటపడినది. రెండు గుంపుల కూలీలు చెరొక వైపు నుండి బండను తొలుచుచు, ఒకరి కేక ఒకరు విని, మధ్య కలిసికొన్నారని అందులో వ్రాయబడియున్నది. కలిసిన చోటు సరిగా లేకపోతే ఆ కష్టమంతయు వ్యర్థమే. బైపాసు కుట్టు కూడ అటువంటి కలయికే.

ఇది ఎందుకు చెప్పవలసి వచ్చినదనగా, నేనెరిగిన ఒక సహోదరుడు రిటైరైన ఉపాధ్యాయుడు. ఆయనకు మూడు గ్రాఫ్టులు వేసినారు, మామ్మరీ ఒకటి, కాలి సిరలు రెండు. సంవత్సరము లోపల ఒక స్వస్థత కూటములో మాత్ర మ్రింగుట అవిశ్వాసమని ఎవరో చెప్పగా విని, మాత్రలన్నియు మాని, ఆ సంగతియే సాక్ష్యముగా చెప్పినారు. సంఘమంతయు హల్లెలూయ అన్నది. పధ్నాలుగు నెలలకు మరల నొప్పితో వచ్చినారు. యాంజియోగ్రాము తీయగా సిరలలో ఒకటి పూర్తిగా మూసుకొని యున్నది. మామ్మరీ చక్కగా పారుచున్నది. మాత్రలు మానుటయే కారణమని ఒక్కరిని చూచి నిర్ధారణ చేయలేము, మాత్రలు వేసుకొన్నవారిలోను కొన్ని సిరలు మూసుకొనును. కాని లెక్కలు ఎటు మొగ్గుచున్నవో చూడండి. 2002లో 5065 మంది బైపాసు రోగుల వివరములు ప్రచురించినారు. ఆపరేషను అయిన 48 గంటల లోపల ఆస్పిరిన్ మొదలుపెట్టినవారిలో 1.3 శాతము, మొదలుపెట్టనివారిలో 4 శాతము ఆసుపత్రిలో మరణించినారు. కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రల విషయము 1997లో తేలినది. చెడ్డ కొలెస్టరాలును గట్టిగా తగ్గించినవారి సిర గ్రాఫ్టులలో 27 శాతము, ఏదో కొంత తగ్గించినవారిలో 39 శాతము గ్రాఫ్టులలో జబ్బు ముదిరినది. పైసలలో దొరికే ఆస్పిరిన్ బిళ్ళ, రాత్రి వేసుకొనే ఒక స్టాటిన్ మాత్ర! శస్త్రవైద్యుని చేతిలో ఉన్నది నాలుగైదు గంటలే. ఆ తరువాతి పది సంవత్సరములు ఎక్కువ భాగము మన చేతిలోనే ఉన్నవి.

చుట్టను గురించి వేరుగా చెప్పవలెను. "ఆపరేషను అయినది గదా, రోజుకు ఒకటే" అనే పెద్దలు మనలో ఉన్నారు. ఒకటైనను గ్రాఫ్టు లోపలి పొరకు అది విషమే. ఇంటిలో తల్లులు భర్తకు మాత్రలు వేళకు అందించి, తమ ఆయాసమును మాత్రము వయస్సు వలన అని త్రోసివేయుట కూడ చూస్తున్నాను. స్త్రీలకు గుండెజబ్బు అనేకసార్లు నొప్పిగా కాక ఆయాసముగా, నీరసముగా వచ్చును. వారి ధమనులు సన్నవి గనుక ఆలస్యమైతే కుట్టుట మరింత కష్టము.

కడపట కొన్ని ఆచరణ విషయములు. ఆసుపత్రి నుండి వచ్చేటప్పుడు ఏ ధమనికి ఏ గ్రాఫ్టు వేసినారో అడిగి వ్రాయించుకొనండి. మామ్మరీ ఎక్కడ వేసినారు, సిరలు ఎన్ని, ఈ రెండు ముఖ్యము. మరల ఎప్పుడైనా యాంజియోగ్రాము తీయవలసివస్తే, ఇది తెలియక డాక్టరు గ్రాఫ్టుల మొదళ్ళను వెదకుచు కాలము గడపవలసివచ్చును. పన్ను తీయించుకొనేటప్పుడు రక్తము కారునని భయపడి ఆస్పిరిన్ మీ అంతట మీరు మానవద్దు, గుండె డాక్టరును అడిగి చేయండి. ఛాతీ ఎముక అతుకుటకు రెండు మూడు నెలలు పట్టును, అంతవరకు బరువులెత్తరాదు. నడక మాత్రము మానరాదు. తగ్గిన నొప్పి మరల వస్తే, అజీర్ణమని సోడా త్రాగి కూర్చొనవద్దు.

గ్రాఫ్టుల వివరము ఉన్న ఆ డిశ్చార్జి కాగితమును మనవారు బైబిలులో మడిచి పెట్టుకొంటారు. మంచి చోటే. కాని ఒక జెరాక్సు ప్రతిని ఇంటిలో మరియొకరి దగ్గర కూడ ఉంచండి. అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి పోయేటప్పుడు బైబిలు ఎక్కడున్నదో వెదకుటకు సమయముండదు.